ఎండాకాలంలో కెమెరా పట్టుకుని బరంపురం చుట్టుపక్కల: దగ్గర ఊళ్ళలోనే మంచి ఫొటోలు తీసే పద్ధతి

మార్చి దాటేసరికి మా ఒడిశా బరంపురంలో చాలామంది కెమెరాలు బీరువాల్లోకి చేరిపోతాయి. చిలికా వలస పక్షులు వెళ్ళిపోయాయి, కొండలు ఎండిపోయాయి, ఆకాశం తెల్లగా పాలిపోయింది, ఇక దసరా దాకా తీయడానికి ఏముంది అంటారు. నేను ఈ మాట ఒప్పుకోను. ఉప్పు పండేది ఎండల్లోనే. తాబేలు పిల్లలు ఇసుకలోంచి పైకి వచ్చి సముద్రంలోకి పరుగెత్తేది ఎండల్లోనే. దండనాట మొక్కులు, మేడల మీద ఆరే అప్పడాలు, ఆవకాయ జాడీలు, సాయంత్రం ఉన్నట్టుండి విరుచుకుపడే కాలవైశాఖి గాలివాన... వీటిలో ఒక్కటి కూడా డిసెంబరులో దొరకదు. పైగా దాదాపు అన్నీ బండి మీద గంటన్నర లోపు దూరంలోనే ఉన్నాయి.

ఉద్యోగమో చదువో చేసుకుంటూ, ఆదివారాలు మాత్రమే ఖాళీ దొరికేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మంచి ఫోన్ ఉన్నా చాలు. కెమెరా ఉంటే దానితో వచ్చే 18–55 లెన్స్, దొరికితే 55–250 లాంటి జూమ్ ఒకటి సరిపోతాయి. గంజాం, గజపతి జిల్లాల్లో ఎక్కడున్నా ఈ పద్ధతి పనికొస్తుంది. చోట్లు మారతాయి, అంతే.

ముందు సూర్యుడి టైము తెలుసుకోండి

ఎండాకాలంలో అసలు పని ఇదే. చోటు తర్వాత, టైము ముందు. బరంపురంలో ఏప్రిల్ మధ్యలో సూర్యుడు సుమారు 5:30కి లేస్తాడు, మే మధ్యకి 5:15 అవుతుంది. అస్తమయం 6:10 నుంచి 6:20 లోపు. ఆకాశంలో రంగు మొదలయ్యేది సూర్యోదయానికి అరగంట ముందు. అంటే మే నెలలో నాలుగున్నరకల్లా మీరు అనుకున్న చోట నిలబడి ఉండాలి. ఇంట్లో బయలుదేరడం కాదు, అక్కడికి చేరి ఉండాలి.

మన ఊరు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. అందువల్ల మే మూడో వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకి నీడే ఉండదు. జూలై చివరి వారంలో ఇంకోసారి అలాగే అవుతుంది. ఈ మధ్య కాలమంతా పదిన్నర నుంచి రెండున్నర వరకు వెలుగు పైనుంచి నిటారుగా పడుతుంది. మనిషిని ఫొటో తీస్తే కళ్ళు గుంటల్లో చీకటిగా, ముక్కు మీద తెల్లటి మచ్చగా వస్తాయి. గోడలకి లోతు ఉండదు, చెట్లకి వెలుగు నీడల తేడా ఉండదు. కెమెరా ఎంత ఖరీదైనదైనా దీన్ని మార్చలేదు.

అందుకే ఎండాకాలపు రోజుని మూడు ముక్కలు చేసుకోండి. నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా బయట. మధ్యాహ్నమంతా నీడలో, ఇళ్ళల్లో, మగ్గాల దగ్గర. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మళ్ళీ బయట. మధ్యాహ్నం ఎండలో తిరగకపోవడం ఒంటికి మంచిది, ఫొటోకి అంతకన్నా మంచిది.

ఇంకో సంగతి, మే నెలలో సూర్యుడు సరిగ్గా తూర్పున లేవడు. సుమారు 20 డిగ్రీలు ఉత్తరం వైపు జరిగి లేస్తాడు. డిసెంబరులో అయితే దక్షిణానికి జరుగుతాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ గోపాల్‌పూర్ ఒడ్డున ఫొటో మొత్తాన్ని ఇదే మార్చేస్తుంది. ఎలాగో ఇప్పుడే చెప్తాను.

గోపాల్‌పూర్: ఒకే ఒడ్డు, మూడు దిక్కులు

ఊరి నుంచి పదహారు కిలోమీటర్లు. అందరూ వెళ్ళే చోటే, అందుకే అందరూ ఒకే ఫొటో తీస్తారు: సముద్రం మధ్యలో ఎర్రటి బంతి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. చలికాలంలో సూర్యుడు నీళ్ళ మీద నుంచే లేస్తాడు. మే, జూన్ నెలల్లో అలా కాదు. సముద్రం వైపు తిరిగి నిలబడితే బాగా ఎడమ పక్కన, ఇంచుమించు ఒడ్డు గీత వెంబడే పైకి వస్తాడు. దీనివల్ల వెలుగు ఇసుక మీద పక్కవాటుగా పాకుతుంది. అలలు వదిలిన చారలు, పీతల గుంతలు, పాదాల ముద్రలు, తాళ్ళు... ప్రతిదానికీ పొడవాటి నీడ వస్తుంది. ఇసుకనే ఫొటోకి వస్తువుగా చేసుకోవాలంటే ఇంతకన్నా మంచి కాలం లేదు.

మొదట ఈశాన్యం వైపు తిరగండి. ఒడ్డు గీత, తడి ఇసుక, సూర్యుడు ఒకే వరసలో వస్తాయి. ఆటు ఉన్న వేళ తడి ఇసుక వెడల్పుగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఆటుపోట్లు రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి కాబట్టి, ఒక ఆదివారం సూర్యోదయానికి ఆటు దొరికితే రెండు వారాల తర్వాత మళ్ళీ దాదాపు అదే టైముకి దొరుకుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు ఇంకా వెనక్కి వెళ్తాయి. ఫోన్‌లో ఆటుపోట్ల పట్టిక చూసుకుని వెళ్ళండి.

రంగు మొదలయ్యేటప్పుడు ట్రైపాడ్ (మూడు కాళ్ళ స్టాండు) మీద ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే మోతాదు) 100, ఎఫ్ (లెన్స్ కన్నం నంబరు, నంబరు చిన్నదైతే కన్నం పెద్దది) 8, షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) ఒక సెకను దగ్గర మొదలుపెట్టి చూడండి. వెనక్కి జారే అల తెల్లటి గీతలుగా రావాలంటే పావు సెకను నుంచి అర సెకను బాగుంటుంది. అంతకన్నా ఎక్కువైతే సముద్రం పొగలా అయిపోతుంది, నాకది నచ్చదు. వైట్ బ్యాలెన్స్‌ని (వెలుగు రంగుని సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదలకండి, డేలైట్‌లో పెట్టండి. ఆటోలో ఉంటే కెమెరా ఆ బంగారు రంగుని తప్పు అనుకుని సరిచేసేస్తుంది. ఫోన్ అయితే ఆకాశంలో వెలుగున్న చోట వేలు నొక్కి పట్టుకుని లాక్ చేసి, వెలుగు కొంచెం కిందికి దించండి.

సూర్యుడు బయటకి వచ్చిన పది నిమిషాల తర్వాత వెనక్కి, నైరుతి వైపు తిరగండి. చాలామంది అప్పటికే ఫోన్ జేబులో పెట్టుకుని టీకి వెళ్ళిపోతారు. నా లెక్కలో అసలు ఫొటోలు అప్పుడే మొదలవుతాయి. నడిచి వచ్చేవాళ్ళ ముఖాల మీద, పడవల పక్కల మీద, పాత రేవు శిథిల గోడల మీద, 1871 నాటి లైట్‌హౌస్ మీద వెలుగు నేరుగా పడుతుంది. ఇది ఇరవై నిమిషాలకి మించి ఉండదు. ఎఫ్ 5.6, షట్టర్ 1/500 పెట్టుకుని, ఐఎస్‌ఓ కెమెరాకి వదిలేయండి.

మూడో దిక్కు ఊరి వైపు. సరుగుడు తోటల్లోకి అడ్డంగా దూరే వెలుగు. గాలిలో తేమ, ఇసుక ధూళి ఎక్కువగా ఉన్న పొద్దున కిరణాలు విడివిడిగా కనిపిస్తాయి. ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుగు) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి తీయండి.

ఒడ్డున వలలు బాగుచేసుకునే జాలర్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. ఒడియాలో వాళ్ళని నొళియాలంటారు. తరాల కిందట దక్షిణం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. "మావా, వేట ఉందా?" అని తెలుగులో అడిగితే చాలు, పక్కన చోటు ఇస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నియమం. ఆ రోజుల్లో ఒడ్డున పడవలు వరసగా నిలిచిపోతాయి, రంగులు వేస్తారు, వలలు అల్లుతారు. పని చేసే చేతుల్ని దగ్గరగా తీయాలంటే ఇదే అదను. వలని ముందు ఉంచి దాని కన్నాల్లోంచి ముఖం మీద ఫోకస్ చేయండి, ఎఫ్ 2.8 లేదా లెన్స్ ఇచ్చే అతి చిన్న నంబరు పెట్టి. సంపాదన తగ్గే రోజులవి అని మాత్రం మరచిపోవద్దు. ఫొటో కోసం పని ఆపమని అడగకండి.

గోపాల్‌పూర్ దగ్గర సైన్యం శిక్షణ కేంద్రం ఉంది, పోర్టు ఉంది. వాటి గోడలు, గేట్లు, రాడార్లు ఏవీ తీయొద్దు. డ్రోన్ ఎగరేసే ఆలోచన ఈ తీరంలో పెట్టుకోవద్దు.

హుమ్మ ఉప్పు మడులు: తెలుపుని తెలుపుగా తీయడం

ఈ ప్రాంతంలో ఎండాకాలానికి ఒక్కటే ఎంచుకోమంటే నేను హుమ్మనే ఎంచుకుంటాను. గంజాం దాటాక, రంభ ఇంకా రాకముందే, హైవేకి దగ్గర్లోనే మడులు మొదలవుతాయి. ఉప్పు నీటిని మడి నుంచి మడికి మళ్ళిస్తూ ఎండకి చిక్కబరుస్తారు, చివరి మడిలో ఉప్పు గడ్డకడుతుంది. పొడవాటి కర్రకి పలక బిగించిన పారతో దాన్ని లాగి గట్టు మీద కుప్ప పోస్తారు. వానలు వచ్చేలోగా ఎంత తీయగలిగితే అంత. అందుకే ఏప్రిల్, మే నెలల్లో పని జోరుగా ఉంటుంది. ఎండకి భయపడి వాళ్ళూ తెల్లవారుజామునే మొదలుపెడతారు.

గాలి లేని వేళ మడులు అద్దాల్లా ఉంటాయి. సముద్రపు గాలి లేచాక నీళ్ళు చెదిరి ప్రతిబింబాలు పోతాయి. ఆరున్నర లోపు ప్రతిబింబాలు, ఆ తర్వాత మనుషులు, పని. ఇదీ వరస. కెమెరాని నీటి మట్టానికి వీలైనంత దగ్గరగా దించితే చిన్న మడి కూడా చెరువంత కనిపిస్తుంది.

ఉప్పు దగ్గర కెమెరా మోసపోతుంది. ఫ్రేములో ఏది ఎక్కువున్నా అది మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందని మీటరు (కెమెరాలో వెలుగు కొలిచేది) అనుకుంటుంది. తెల్లటి కుప్పని చూసి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, ఉప్పు కాస్తా సిమెంటులా వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (కెమెరా లెక్కకన్నా వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 దగ్గర పెట్టి ఒకటి తీసి హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా ఫొటోలో ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) చూడండి. గ్రాఫులోని కొండ కుడి చివరకి దగ్గరగా రావాలి, గోడకి గుద్దుకోకూడదు. గుద్దుకుంటే ప్లస్ 0.7కి దించండి. ఎండలో తెర సరిగ్గా కనిపించదు కాబట్టి ఫొటో చూసి నమ్మకండి, హిస్టోగ్రామ్‌ని నమ్మండి. ఫోన్‌లో కూడా ఇదే సూత్రం. ఉప్పు మీద వేలు నొక్కి, వెలుగు కొంచెం పైకి లాగండి.

ఇక్కడో గొప్ప లాభం ఉంది. ఎనిమిది తర్వాత కూడా హుమ్మలో ముఖాలు తీయొచ్చు. నేల మీది తెల్లటి ఉప్పు వెలుగుని కిందనుంచి తిరిగి ముఖం మీదికి విసురుతుంది. తలపాగా కింద కూడా కళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. స్టూడియోలో తెల్లటి అట్ట పెట్టి చేసే పని ఇక్కడ పొలమంతా పరిచినట్టు ఉంటుంది. కుప్పకి మూడు నాలుగు అడుగుల దూరంలో మనిషి ఉన్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. తొమ్మిదింటికి మాత్రం తిరుగు ప్రయాణం కట్టేయండి. ఉప్పు మీద పడి తిరిగొచ్చే వెలుగు కళ్ళని మండిస్తుంది, ఒంటి మీద ఎండ రెండు వైపుల నుంచీ తగులుతుంది.

పోలరైజర్ ఫిల్టరు ఉంటే నీటి మీది మెరుపు తగ్గి అడుగున ఉన్న ఉప్పు పలుకులు కనిపిస్తాయి. ఆకాశం ప్రతిబింబం కావాలంటే దాన్ని తీసేయండి.

గట్ల మీదికి అడగకుండా ఎక్కకండి. అవి మట్టి గట్లు, అంచు మీద కాలు పెడితే విరుగుతాయి, ఒక మడి నీళ్ళు ఇంకోదాంట్లోకి పోతే వాళ్ళ రోజుల పని పాడవుతుంది. ఉప్పు తయారైన మడిలో చెప్పుల మురికి పడకూడదు. మొదట గట్టు మొదట్లో నిలబడి, అక్కడున్న పెద్దాయన్ని పిలిచి అడగండి. ఒడియా మాట్లాడేవాళ్ళయితే "మఉసా, ఫొటో ఉఠాఇబి కి?" అంటే సరిపోతుంది. ఇంటికొచ్చాక చెప్పులు, ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో కడగండి. ఉప్పు నీరు ట్రైపాడ్ కీళ్ళని తొందరగా తినేస్తుంది.

ఋషికుల్య ముఖద్వారం: తాబేలు పిల్లల దగ్గర ఫొటో రెండో పని

గంజాం పక్కన ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. కొన్నేళ్ళు రానే రావు. వచ్చిన ఏడాది, సుమారు ఏడు వారాల తర్వాత, ఏప్రిల్ లేదా మే మొదట్లో పిల్లలు ఇసుకలోంచి బయటపడతాయి. ఎక్కువ భాగం రాత్రి, తెల్లవారుజామున.

వెళ్ళాలనుకుంటే ముందు అటవీ శాఖ వాళ్ళని అడగండి. వాళ్ళూ, పోడంపేట, గోఖరకుద, పురుణబంధ ఊళ్ళ కుర్రాళ్ళూ రాత్రంతా కాపలా ఉంటారు. వాళ్ళు పొమ్మన్న చోటికే పోవాలి, వద్దంటే తిరిగి రావాలి. ఈ తాబేళ్ళకి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది.

పిల్లలు వెలుగుని చూసి దారి పడతాయి. చీకటి రాత్రిలో అన్నిటికన్నా వెలుగ్గా ఉండేది సముద్రం మీది ఆకాశమే, అటే వెళ్తాయి. మీరు ఫ్లాష్ కొట్టినా, ఫోన్ టార్చి వేసినా, చివరికి ఫోన్ తెర వెలిగినా అవి మీ వైపు తిరుగుతాయి. అలా దారి తప్పినవి కాకులకీ కుక్కలకీ దొరికిపోతాయి, లేదా పొద్దెక్కాక ఇసుకలో ఎండిపోతాయి. అందుకే ఫ్లాష్ పూర్తిగా మూసేయండి, ఫోకస్ కోసం కెమెరా వేసే చిన్న లైటుని కూడా మెనూలోకి వెళ్ళి ఆపేయండి. వెలుగు వచ్చేదాకా తీయకుండా కూర్చోండి. ఆకాశం తెల్లబడ్డాక ఇంకా మిగిలిన పిల్లలు కనిపిస్తాయి. ఐఎస్‌ఓ 3200, షట్టర్ 1/250, జూమ్ లెన్స్, ఇసుక మీద బోర్లా పడుకుని పక్కనుంచి. వాటికీ నీటికీ మధ్య ఎప్పుడూ ఉండకూడదు. ఒక్క చోట కదలకుండా ఉండాలి, ఎందుకంటే కాలి కిందే ఇంకో గూడు ఉండొచ్చు. చేత్తో ఎత్తి అరచేతిలో పెట్టుకుని తీసే ఫొటోలు చూస్తుంటాం. అలా తీయొద్దు, ఎవరైనా తీస్తుంటే ఆపమనండి.

మధ్యాహ్నం: ఇల్లు, మగ్గం, మేడ

ఎండ నెత్తికెక్కాక మంచి వెలుగు ఇళ్ళల్లోకి వస్తుంది. బయట గోడలకీ నేలకీ తగిలి తలుపులోంచి వచ్చే వెలుగు మెత్తగా ఉంటుంది. మనిషిని తలుపుకి రెండడుగుల లోపల, ముఖం సగం వెలుగు వైపు తిప్పి కూర్చోబెట్టండి. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయండి. పగటి వెలుగు, ట్యూబ్‌లైట్ కలిస్తే ఒక చెంప పచ్చగా, ఒక చెంప నీలంగా వస్తుంది, తర్వాత ఎంత దిద్దినా పోదు.

బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు ఉంది. నేత వీధుల్లో మగ్గాల చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది, నేసేవాళ్ళలో తెలుగు దేవాంగుల కుటుంబాలు చాలా ఉన్నాయి. మగ్గం దగ్గర రెండు రకాలుగా తీయండి. షట్టర్ 1/250తో దారాలు, వేళ్ళు స్పష్టంగా వచ్చేలా ఒకటి. 1/8తో, మోచెయ్యి గోడకి ఆనించి, నాడె (అడ్డదారం మోసేది) ఆడేటప్పుడు చెయ్యి చెదిరి ముఖం నిలిచేలా ఇంకొకటి. రెండో రకానికి చాలా తీస్తేగాని ఒకటి కుదరదు. పట్టు మెరుపు నేరుగా చూస్తే రాదు, పక్కకి వంగి, వెలుగు బట్ట మీద జారేలా చూడండి.

మా ఊరి అప్పడాలు, పచ్చళ్ళు ఎంత పేరున్నవో చెప్పక్కర్లేదు. అప్పడాలు ఆరబెట్టేది పొద్దున తొమ్మిదిలోపే. తడిగా ఉన్నప్పుడు వెలుగుకి ఎదురుగా వంగి చూస్తే అవి లోపలనుంచి వెలుగుతున్నట్టు ఉంటాయి. ఎండిపోయాక ఆ అందం పోతుంది. ఆవకాయ కలిపే రోజు ఇంట్లో ఉంటే కెమెరా దగ్గర పెట్టుకోండి. ఎర్రటి కారం గుట్ట తీసేటప్పుడు మైనస్ 0.7 పెట్టండి. ఎరుపు ఒక్క రంగే నిండిపోయి, పలుకులు కనిపించకుండా ఒకటే ఎర్రటి ముద్దగా వచ్చే ప్రమాదం ఉంది. మీ అమ్మనో పెద్దమ్మనో కెమెరా వైపు చూడమనకండి. చేతులు చాలు. నూనె పోసేటప్పుడు ధార వెనక కిటికీ ఉండేలా నిలబడితే ఆ బంగారు రంగు దానంతటదే వస్తుంది.

చైత్రం: దండనాట, తారాతారిణి, ఠాకురాణి యాత్ర

చైత్రంలో గంజాం ఊళ్ళల్లో దండనాట మొక్కు మొదలై, ఏప్రిల్ మధ్యలో మేష సంక్రాంతితో ముగుస్తుంది. దండువాలు (మొక్కు పట్టినవాళ్ళు) మధ్యాహ్నపు ఎండలో కాలే నేల మీద పొర్లుతూ దండాలు పెడతారు, సాయంత్రం చెరువులో, రాత్రి ఆటపాటలు. మిట్టమధ్యాహ్నం వెలుగు మంచిది కాదన్న నా మాట ఇక్కడ మాత్రం వర్తించదు. ఆ కఠినమైన ఎండే ఈ మొక్కుకి అర్థం. దాన్ని మెత్తగా చూపించే ప్రయత్నం చేయకుండా, దుమ్ము, చెమట, గట్టి నీడలతోనే తీయండి. నలుపు తెలుపులో బాగా నిలుస్తాయి. అది వ్రతం. వాళ్ళని తాకకూడదు, దారికి అడ్డం పడకూడదు. ఊళ్ళో పెద్దల్ని అడిగి, జూమ్‌తో దూరం నుంచి తీయండి.

తారాతారిణి కొండకి చైత్ర మంగళవారాలు జనం పోటెత్తుతారు, పిల్లల పుట్టువెంట్రుకలు తీయిస్తారు. 999 మెట్లు, రోప్‌వే కూడా ఉంది. మనుషుల కోసం మంగళవారం వెళ్ళండి, ఋషికుల్య కోసం వేరే రోజు సాయంత్రం వెళ్ళండి. ఎండాకాలంలో నది సన్నబడి ఇసుక మేటల మధ్య పాములా మెలికలు తిరుగుతుంది, కొండ మీది నుంచి ఆ వంపు మొత్తం కనిపిస్తుంది. గర్భగుడిలో కెమెరా తీయొద్దు.

మా ఊరి అమ్మవారి జాతర, బుఢి ఠాకురాణి యాత్ర, రెండేళ్ళకోసారి వస్తుంది. వచ్చిన ఏడాది రాత్రిపూట వేషాల వాళ్ళని తీయడానికి 35 లేదా 50 ఫిక్స్‌డ్ లెన్స్ (జూమ్ లేనిది, తక్కువ వెలుగులో పనికొచ్చేది) ఒకటి అరువైనా తెచ్చుకోండి.

సాయంత్రాలు, మబ్బులు

రంభ దగ్గర చిలికా సాయంత్రం బాగుంటుందని అంటారు, కానీ సరస్సు మీకు తూర్పున ఉంటుంది. నీళ్ళ మీద రంగులు కావాలంటే పొద్దున్నే వెళ్ళండి. ఆస్కా దాటాక భేటనై, బలిపదర్ వైపు కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి. అక్కడి ఊరివాళ్ళు తరాలుగా వాటిని కాపాడుకుంటున్నారు. ఎండలో వాటిని పరుగెత్తించడం ప్రాణాలకే ప్రమాదం కాబట్టి బండి దిగకుండా, రోడ్డు మీది నుంచే, 1/1000 షట్టర్‌తో తీయండి. తలెత్తి మిమ్మల్నే చూస్తోందంటే చాలా దగ్గరికి వెళ్ళినట్టు. వేడి గాలి నేల మీద మరుగుతుంటే దూరం ఫొటోలు మసకగా వస్తాయి. అది లెన్స్ తప్పు కాదు, పొద్దున ఏడు లోపు వెళ్తే ఆ బాధ ఉండదు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే కాలవైశాఖి గురించి ఎక్కువ చెప్పాలి. మూడు గంటలకి పశ్చిమాన కొండల వెనక మబ్బు గోపురంలా లేస్తుంది. ఐదింటికి సగం ఆకాశం నల్లబడి, మిగతా సగంలోంచి ఎండ పొలాల మీద, తాటిచెట్ల మీద పడుతుంది. వెనక నల్లటి ఆకాశం, ముందు వెలిగే తాడిచెట్టు. ఏడాది మొత్తంలో ఇంతకు మించిన వెలుగు నేను చూడలేదు. ఆ వెలుగు మీద ఎక్స్‌పోజ్ చేయండి, మబ్బు తనంతట తనే నల్లగా ఉంటుంది. వాన వచ్చి వెలిసిన తర్వాత గాలిలో దుమ్ము కడుక్కుపోయి, ఎండాకాలంలో ఎప్పుడూ కనిపించని దూరపు కొండలు కనిపిస్తాయి. ఆ అరగంట వదులుకోవద్దు.

పిడుగుల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మెరుపు మెరిసిన ముప్పై సెకన్ల లోపు ఉరుము వినబడిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉంది. వెంటనే ట్రైపాడ్ మూసి పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్ళిపోండి. తాడిచెట్టు కింద, ఒడ్డు మీద, మేడ మీద నిలబడకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటకి రావద్దు. మెరుపుల ఫొటో కావాలంటే ఇంట్లోంచి, కిటికీ లోపలనుంచి, ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100, పది సెకన్ల చొప్పున వరసగా తీస్తూ పోండి.

సెలవు దొరికిన వారం కొండల వైపు వెళ్ళొచ్చు. 1,501 మీటర్ల మహేంద్రగిరి, జిరంగ్‌లోని టిబెటన్ల పద్మసంభవ మహావిహార్, తప్తపాణి వేడినీటి బుగ్గ. ఇవి ఒక పూటలో అయ్యేవి కావు, వీటికి వేరే ప్రయాణం వేసుకోండి.

వేడి, తేమ, ఇసుక

కెమెరాని బండి డిక్కీలో ఎండలో వదలకండి. ఏసీ గదిలోంచి నేరుగా సముద్రం ఒడ్డుకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. రాత్రే ఏసీ లేని గదిలో పెట్టండి, లేదా బ్యాగు జిప్ తీయకుండా అరగంట ఆగండి. ఒడ్డున లెన్స్ మార్చొద్దు. ఫోన్ వేడెక్కి ఆగిపోతే నీళ్ళల్లోనో ఫ్రిజ్‌లోనో పెట్టకుండా కవరు తీసి నీడలో ఉంచండి. అద్దాలున్న వ్యూఫైండర్లోంచి జూమ్‌తో సూర్యుణ్ణి చూడొద్దు, కళ్ళు పోతాయి. మీకు రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, పొడుగు చేతుల చొక్కా. బయలుదేరే ముందు చద్దన్నమో పఖాళో తింటే ఎనిమిదింటి దాకా ఆకలి గుర్తుండదు.

ఇంటికొచ్చాక

అదే రోజు కార్డులోంచి కంప్యూటర్‌కి, ఇంకో హార్డ్ డిస్క్‌కి ఎక్కించండి. ఎంపిక మాత్రం రెండు రోజులాగి చేయండి, అప్పటికి అలసట, ఉత్సాహం రెండూ తగ్గి కన్ను నిజం చెప్తుంది. ఒక పొద్దుటికి ఐదు ఫొటోలు నిలిస్తే చాలా ఎక్కువ. దిద్దేటప్పుడు ఎండాకాలపు తెల్లటి ఆకాశాన్ని బలవంతంగా నీలం చేయకండి. తెల్లగా ఉన్న ఆకాశాన్ని ఫ్రేములోంచి వీలైనంత తగ్గించి తీయడమే దానికి మందు.

మీరు ఫొటో తీసిన జాలరికి, ఉప్పు మడి పెద్దాయనకి, నేత ఇంటి అమ్మకి 4×6 ప్రింటు వేయించి తీసుకెళ్ళి ఇవ్వండి. ఫోన్‌లో పంపడం వేరు, చేతికివ్వడం వేరు. తర్వాత వెళ్ళినప్పుడు వాళ్ళే "ఇటు రా బాబూ, ఇది తియ్యి" అని పిలుస్తారు. మంచి ఫొటోలు అలా వెళ్ళిన రెండోసారీ మూడోసారీ వస్తాయి. అందుకే కొత్త చోట్ల వెంట పడకుండా, ఈ వేసవికి రెండే చోట్లు ఎంచుకుని మళ్ళీ మళ్ళీ వెళ్ళమంటాను.

జూన్ రెండో వారం దగ్గరికి నైరుతి వానలు మన వైపు వస్తాయి, ఉప్పు పని ఆగిపోతుంది. ఆ లోపు తడిపి పిండిన మెత్తటి గుడ్డతో కెమెరా పైభాగాన్ని తుడిచి ఉప్పు పొర వదిలించండి, ఆరాక బ్లోయర్‌తో ఇసుక ఊదేయండి. లెన్సుల్ని గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. తోలు బ్యాగులో పెడితే వానాకాలం తేమకి లెన్స్ లోపల బూజు పడుతుంది. సిలికా జెల్ రంగు మారగానే బాణలిలో సన్నసెగ మీద వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఆ బాణలిని వంటకి మాత్రం వాడొద్దు.